కంప్యూటర్ వేదిక: ఎవరి గుమ్మానికి వారి ఆమోద జాబితా



ఇంటర్వ్యూ పిలుపు, భవిష్యనిధి లెక్క, వైద్య పరీక్షల నివేదిక, పిల్లల కళాశాల ప్రవేశ సమాచారం, సరుకుకు ఆర్డరు: ఒకప్పుడు పోస్ట్‌మాన్ సంచిలో వచ్చిన ఇటువంటి ఉత్తరాలలో అధికభాగం నేడు మెయిల్ పెట్టెలోకి వస్తున్నాయి. వాటి వెంట పిలవని ఉత్తరాలూ వస్తున్నాయి. లాటరీ తగిలిందని ఒకటి, బరువు తగ్గించే మందు అని ఒకటి, మీ బ్యాంకు ఖాతా స్తంభించిపోయిందని మరొకటి. ఈ బెడదను తట్టుకోవడానికి మెయిల్ సర్వర్లలో వడపోత ఏర్పాటు చేయడం సర్వసాధారణమైంది. అయితే వడపోత పెట్టిన చోట మరొక సమస్య తలెత్తుతుంది. రావలసిన ఉత్తరం కూడా ఒక్కొక్కప్పుడు చెత్తబుట్ట పాలవుతుంది.

ఈ రెండు పొరపాట్లూ సమానం కావు. పనికిరాని ఉత్తరం లోపలికి వస్తే దానిని తీసివేయడానికి రెండు క్షణాలు పడుతుంది. పనికివచ్చే ఉత్తరం బయట ఆగిపోతే ఆ సంగతి మనకు తెలియనే తెలియదు. గడువు దాటిన తరువాత తెలుస్తుంది. పంపినవారు అది మనకు చేరిందనుకుంటారు, మనం వారు పంపలేదనుకుంటాము. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్లు వడపోతను మితిమీరి బిగిస్తే నష్టపోయేది మనమే.

ఈ నష్టాన్ని నివారించే సాధనాలలో ముఖ్యమైనది, ప్రతి వాడుకరీ విడివిడిగా "వీరి ఉత్తరాలను ఆపవద్దు" అని సర్వర్‌కు ఇచ్చుకునే జాబితా. దీనిని వైట్‌లిస్టు అంటారు. ఈ వ్యాసంలో మేము దానిని ఆమోద జాబితా అని వ్యవహరిస్తాము. దానిని ఎలా అమర్చుకోవాలి, ఎక్కడ జాగ్రత్త వహించాలి అన్నది ఈ నెల శీర్షికలో వివరించదలచాము.

పిలవని ఉత్తరాల పూర్వచరిత్ర

ఈ బెడద ఇంటర్నెట్ కంటె ముందే పుట్టింది. 1978 మే నెలలో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గ్యారీ థ్యూర్క్ అనే విక్రయాధికారి, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు ఆహ్వానిస్తూ అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకేసారి సందేశం పంపించారు. ఈ జాతి ఉత్తరాలలో మొదటిదిగా దీనినే పేర్కొంటారు. 1994 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్ కార్డు లాటరీ గూర్చిన ప్రకటనను యూజ్‌నెట్‌లోని వేలాది చర్చా బృందాలలో గుప్పించారు. అప్పటి నుండి ఇది వ్యాపారంగా స్థిరపడింది.

"స్పామ్" అన్న పేరుకూ ఒక కథ ఉన్నది. అది 1937లో అమెరికా విపణిలోకి వచ్చిన ఒక డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రసారమైన ఒక హాస్యనాటికలో, ఆ హోటల్లో దాదాపు ఏ వంటకం అడిగినా అందులో ఆ డబ్బా మాంసమే ఉంటుంది, వద్దన్నా వడ్డిస్తారు. పిలవని ఉత్తరాలకు ఆ పేరు స్థిరపడిపోయింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను సామాన్య ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఉత్తరాల వెంట ఈ వద్దన్నా వడ్డించే వంటకమూ మన ఇళ్లలోకి వచ్చింది.

వడపోత మార్కులు వేసే తీరు

వడపోత ఉత్తరాన్ని మనిషి చదివినట్లు చదవదు. పరీక్షాధికారి వలె మార్కులు వేస్తుంది. 2001లో జస్టిన్ మేసన్ రూపొందించిన స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఉదాహరణగా తీసుకుందాము. ప్రపంచమంతటా ఎన్నో మెయిల్ సర్వర్లలో ఇది పనిచేస్తున్నది. ఉత్తరంలోని మాటలు, అక్షరాల తీరు, పంపిన సర్వర్ చరిత్ర, బొమ్మలు ఎక్కువై మాటలు తక్కువగా ఉండడం వంటి లక్షణాలలో అనుమానాస్పదమైన ప్రతి దానికి కొన్ని మార్కులు కూడుతుంది. మంచి లక్షణాలకు కొన్ని మార్కులు తీసివేస్తుంది. మొత్తం 5 మార్కులకు చేరితే ఆ ఉత్తరం అవాంఛితమని ముద్ర వేస్తుంది. ఈ 5 అనే హద్దును నిర్వాహకులు మార్చుకోవచ్చును.

2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ మరొక పద్ధతికి ప్రాచుర్యం కల్పించారు. మంచి ఉత్తరాల గుట్టను, చెడ్డ ఉత్తరాల గుట్టను కంప్యూటర్ ముందు పెట్టి, ఏ మాట ఏ గుట్టలో ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కించి, కొత్త ఉత్తరం ఏ గుట్టకు చెందుతుందో సంభావ్యతను కట్టడం ఆ పద్ధతి. మంచి ఉత్తరం పొరపాటున ఆగిపోవడమే పెద్ద ప్రమాదమని గుర్తించి, మంచి గుట్టలోని మాటల లెక్కను ఆయన రెట్టింపు చేశారు. త్రాసును కావాలనే ఒకవైపు మొగ్గేటట్లు అమర్చారన్న మాట.

తాడిని తన్నేవాడుంటే వాని తలను తన్నేవాడుంటాడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. వడపోత ఒక ఎత్తు వేస్తే పంపేవారు పై ఎత్తు వేస్తారు. మాటల మధ్య చుక్కలు పెడతారు, మాటలకు బదులు బొమ్మలు పంపుతారు. వడపోత మరింత బిగుసుకుంటుంది. ఈ పోరులో నలిగిపోయేవి మామూలు ఉత్తరాలు. ఎందుకంటే వడపోతకు తెలిసినది సగటు మనిషి. మీరు ఎవరో, మీ వృత్తి ఏమిటో, ఎవరి ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారో దానికి ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు.

లింబాయత్‌లో ఒక ఇల్లు

ఈ విషయం స్పష్టం కావడానికి సూరత్ నగరంలోని లింబాయత్‌కు వెళదాము. ఆ పేరు మన పాఠకులలో, విశేషించి తెలంగాణ జిల్లాలవారిలో చాలామందికి తెలిసినదే. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గం పని తెలిసిన పద్మశాలీ కుటుంబాలు అనేకం వలస వెళ్లి అక్కడ స్థిరపడ్డాయి. చేతిమగ్గం ఎరిగిన చేతులు అక్కడ మరమగ్గాలను నడిపించాయి. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పింది. ఒకే వీధిలో నాలుగైదు భాషలు వినిపించే పేట అది.

అక్కడ చీరల వ్యాపారం చేసే ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాము. మన ఉద్యోగి ఒకరి మేనమామగారి ఇల్లనుకుందాము. వారు వ్యాపారం పేరిట సొంత డొమైన్ తీసుకొని, అద్దె సర్వర్‌పై నాలుగు మెయిల్ పెట్టెలు ఏర్పరచుకున్నారు. ఒకటి ఇంటి యజమానిది, రెండవది లెక్కలు చూసే పెద్దబ్బాయిది, మూడవది చీరలకు డిజైన్లు గీసే కోడలిది, నాలుగవది కళాశాలలో చదివే చిన్నమ్మాయిది.

యజమానికి ప్రతి వారం పాలియెస్టర్ దారం ధరల పట్టిక వస్తుంది. "ఈ వారం మాత్రమే", "భారీ తగ్గింపు", "వెంటనే సంప్రదించండి" అన్న మాటలు అందులో తప్పవు. వడపోత కళ్లకు అది అచ్చమైన చెత్త. యజమానికి అది ఆ వారపు లాభనష్టాలను నిర్ణయించే కాగితం. కోడలికి వచ్చే డిజైన్ల ఉత్తరాలలో పెద్ద పెద్ద బొమ్మలు ఉంటాయి, మాటలు రెండే ఉంటాయి. అదీ అనుమానాస్పదమే. పెద్దబ్బాయికి బకాయిలు, వడ్డీ, రుణం వంటి మాటలున్న ఉత్తరాలు నిత్యం వస్తాయి. చిన్నమ్మాయికి ఉపకార వేతనం మంజూరైందన్న ఉత్తరం వస్తే, "మీకు డబ్బు వచ్చింది" అనే మోసపు ఉత్తరాల వరుసలో దానిని నిలబెట్టే అవకాశం ఉన్నది. ఆ ఉత్తరానికి పది రోజులలో సమాధానం వ్రాయవలసి ఉండి, అది చెత్తబుట్టలో పడి ఉంటే ఆ పిల్ల చదువుకు కలిగే నష్టాన్ని ఏ మార్కులతో కొలవగలము?

దీనికి సర్వర్ మొత్తానికీ ఒకే ఆమోద జాబితా పెట్టవచ్చును కదా అని కొందరు అడుగుతారు. అలా చేస్తే దారం వ్యాపారి ప్రకటనలు చిన్నమ్మాయి పెట్టెలోనూ అడ్డు లేకుండా వచ్చి పడతాయి. అంతకంటె ముఖ్యంగా, ఒకరి నమ్మకం అందరి మీదా రుద్దినట్లవుతుంది. ఒకరు అజాగ్రత్తగా చేర్చిన పేరు నలుగురి గుమ్మాలనూ తెరిచిపెడుతుంది. అద్దె సర్వర్‌లోనైతే పొరుగువారి గుమ్మాలను కూడా తెరుస్తుంది.

పెద్ద సంస్థలలోనూ ఇదే న్యాయం. ఆసుపత్రిలోని వైద్యాధికారికి మందుల పేర్లున్న ఉత్తరాలు వృత్తిలో భాగం. కొనుగోలు విభాగానికి ధరల ప్రతిపాదనలు వృత్తిలో భాగం. అవే ఉత్తరాలు మరొక విభాగానికి వస్తే ఆగవలసినవే. చెత్త అన్నది ఉత్తరంలో మాత్రమే ఉండే లక్షణం కాదు, అందుకునేవారిని బట్టి నిర్ణయం కావలసిన విషయం. కనుక ఆమోద జాబితా గుమ్మం గుమ్మానికీ వేరుగా ఉండాలి.

జాబితాను అమర్చే విధానం

స్పామ్‌అసాసిన్‌లో ప్రతి వాడుకరికి "యూజర్ ప్రెఫ్స్" అనే చిన్న ఫైలు ఉండవచ్చును. అందులో "వైట్‌లిస్ట్ ఫ్రమ్" అన్న ఆదేశం వ్రాసి, దాని ప్రక్కన పంపేవారి చిరునామా వ్రాస్తే, ఆ చిరునామా నుండి వచ్చిన ఉత్తరం మార్కులలో నుండి ఏకంగా 100 తీసివేయబడతాయి. ఇతర అనుమానాలు ఎన్ని ఉన్నా ఆ ఉత్తరం దాదాపుగా ఆగదు. 2022 డిసెంబరులో విడుదలైన 4.0 సంచికలో ఈ ఆదేశానికి "వెల్‌కమ్‌లిస్ట్ ఫ్రమ్" అని కొత్త పేరు పెట్టారు. అందులో పాత పేరును కూడా అంగీకరించే ఏర్పాటు ఉంచారు. మన భాషలో చెప్పాలంటే స్వాగత జాబితా.

వాడుకరులు వందల సంఖ్యలో ఉన్నప్పుడు విడి ఫైళ్లు నిర్వహించడం కష్టం. అప్పుడు జాబితాలన్నిటినీ డేటాబేస్‌లో ఒక పట్టికగా ఉంచుతారు. ఆ పట్టికలో ప్రధానంగా మూడు గడులుంటాయి: వాడుకరి పేరు, ఆదేశం పేరు, దాని విలువ. అందరికీ వర్తించే సామాన్య నియమాలను ఒక ఉమ్మడి పేరు క్రింద వ్రాస్తారు. వడపోత ముందు ఉమ్మడి నియమాలను, తరువాత ఆ వాడుకరి సొంత నియమాలను చదువుకుంటుంది. వాడుకరి తన జాబితాను తానే చూసుకొని, చేర్చుకొని, తీసివేసుకోగలిగేటట్లు ఒక చిన్న తెరను నిర్వాహకులు ఏర్పాటు చేయాలి. ప్రతి చిన్న మార్పుకూ కంప్యూటర్ విభాగానికి దరఖాస్తు పెట్టవలసి వస్తే ఆ జాబితాను ఎవరూ వాడరు.

ఇక్కడ నిర్వాహకులు గమనించవలసిన మెలికలు రెండున్నాయి. మొదటిది, ఒకే ఉత్తరం నలుగురికి వచ్చినప్పటి సంగతి. 1982లో జాన్ పోస్టెల్ ప్రామాణికంగా రూపొందించిన ఎస్.ఎం.టి.పి. నియమావళి ప్రకారం పంపే సర్వర్ ముందుగా గ్రహీతల పేర్లను ఒక్కొక్కటిగా చదివి వినిపిస్తుంది, ఆ తరువాత ఉత్తరాన్ని ఒక్కసారే అందజేస్తుంది. ఉత్తరం అందిన తరువాత అందరి తరఫునా ఒకే సమాధానం ఇవ్వాలి: తీసుకున్నామనో, తిరస్కరించామనో. యజమానికి కావాలి, చిన్నమ్మాయికి వద్దు అని ఆ ద్వారం వద్ద చెప్పడానికి వీలులేదు. కనుక సర్వర్ ఉత్తరాన్ని ముందు స్వీకరించి, ఎవరి ప్రతి వారికి వేరుచేసి, ఎవరి పెట్టె వద్ద వారి జాబితా ప్రకారం వడపోయాలి. స్థానిక బట్వాడా కోసం 1996లో వెలువడిన ఎల్.ఎం.టి.పి. నియమావళి ఒక్కొక్క గ్రహీతకు ఒక్కొక్క సమాధానం ఇవ్వడానికి వీలు కల్పించింది. ఒకసారి స్వీకరించిన ఉత్తరాన్ని తరువాత తిరుగుటపాలో పంపరాదు. చెడ్డ ఉత్తరాలలో పంపినవారి చిరునామా సాధారణంగా దొంగది కాబట్టి ఆ తిరుగుటపా ఏ పాపమూ ఎరుగని వారి నెత్తిన పడుతుంది. దానిని చెత్త పెట్టెలో ఉంచి, గ్రహీత చూసుకునే అవకాశం ఇవ్వడమే ఉత్తమం.

రెండవది మారుపేర్ల సంగతి. ఆర్డర్ల కోసం, ఫిర్యాదుల కోసం ప్రత్యేక చిరునామాలు పెట్టుకుంటాము. అవి లోపల ఎవరో ఒకరి పెట్టెకు చేరతాయి. వడపోతకు ఆ మారుపేరు మాత్రమే అందిస్తే, ఆ పేరుతో ఏ జాబితా లేదని తీర్మానించి సామాన్య నియమాలనే అమలుచేస్తుంది. జాబితా వ్రాసినా పనిచేయడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందుగా వెదకవలసిన కారణం ఇది. మారుపేరును అసలు పెట్టె పేరుగా మార్చిన తరువాతే వడపోతను పిలవాలి. అమరిక పూర్తికాగానే ఒక పరీక్షా ఉత్తరం పంపించుకొని, దాని శీర్షభాగంలో "ఎక్స్ స్పామ్ స్టేటస్" అన్న పంక్తిని చదివితే ఆమోద నియమం వర్తించినదీ లేనిదీ తెలిసిపోతుంది.

సొంత డొమైన్ పెట్టుకునే చిన్న వ్యాపారులకు ఒక సూచన. కొన్ని అద్దె సర్వర్లలో జాబితా ఒక్కొక్క పెట్టెకు కాక, ఖాతా మొత్తానికీ ఒకటే ఉంటుంది. సేవ తీసుకునే ముందే ఈ ప్రశ్న అడిగి తెలుసుకోవడం మంచిది.

పేరు చెప్పినవారందరూ బంధువులు కారు

ఆమోద జాబితాకు ఒక పెద్ద బలహీనత ఉన్నది. తలుపు తట్టి "నేను మీ పెదనాన్న కొడుకును" అన్న ప్రతివారినీ లోపలికి పిలిచి మంచం వేయము. ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, ఎవరి పెళ్లిలో కలిశాము అని అడుగుతాము. మెయిల్ విషయంలో మాత్రం "వైట్‌లిస్ట్ ఫ్రమ్" అన్న ఆదేశం ఆ ప్రశ్నలేవీ అడగదు. పేరు కలిస్తే చాలు, దారి వదులుతుంది.

ఎస్.ఎం.టి.పి. నియమావళి పుట్టిన కాలంలో ఆ వలలో ఉన్నవారు కొద్దిమంది, ఒకరినొకరు ఎరిగినవారు. అందుచేత పంపేవారు తమ పేరు ఏది చెబితే అదే నమ్మే పద్ధతి ఏర్పడింది. పైగా ప్రతి ఉత్తరానికి రెండు చిరునామాలుంటాయి. కవరు మీద ఒకటి, లోపలి కాగితం మీద ఒకటి. మనకు తెరపై కనిపించేది లోపలి కాగితం మీదిది. ఈ రెండింటినీ కల్పించి వ్రాయవచ్చును.

దీని ఫలితం లింబాయత్ ఇంట్లో ఎలా ఉండగలదో చూద్దాము. యజమాని దారం వ్యాపారి పేరును జాబితాలో చేర్చారు. మోసగాడు ఒకడు ఆ వ్యాపారి చిరునామాను కల్పించి, "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట సొమ్ము ఈ కొత్త ఖాతాకు పంపగలరు" అని వ్రాశాడు. వడపోతకు అనుమానం కలిగినా 100 మార్కుల తగ్గింపు వల్ల నోరు మూసుకుంటుంది. నమ్మకానికి గుర్తుగా వ్రాసిన పేరే మోసానికి దారి అవుతుంది. సంవత్సరపు కష్టార్జితం ఒక్క ఉత్తరంతో పోవచ్చును.

దీనికి విరుగుడుగా గుర్తింపు పద్ధతులు వచ్చాయి. ఎస్.పి.ఎఫ్. అనేది 2006లో ప్రచురితమైంది. ఫలానా డొమైన్ పేరిట ఉత్తరాలు పంపే అధికారం ఏ సర్వర్లకు ఉన్నదో ఆ డొమైన్ యజమాని బహిరంగంగా ప్రకటించే ఏర్పాటు అది. 2007లో వచ్చిన డి.కె.ఐ.ఎం. ఉత్తరం మీద కంప్యూటర్ వేసే ముద్ర వంటిది. దారిలో ఎవరైనా ఉత్తరాన్ని మారిస్తే ఆ ముద్ర చెదిరిపోతుంది. ఈ రెండింటినీ కనిపించే చిరునామాతో ముడిపెట్టి, సరిపోలని ఉత్తరాన్ని ఏమి చేయాలో చెప్పేది 2015లో ప్రచురితమైన డి.ఎం.ఎ.ఆర్.సి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి ఈ మూడింటినీ తప్పనిసరి చేశాయి.

కనుక జాబితాలో "వైట్‌లిస్ట్ ఫ్రమ్" బదులు "వైట్‌లిస్ట్ ఆథ్" అన్న ఆదేశాన్ని వాడడం క్షేమం. కొత్త పేరు "వెల్‌కమ్‌లిస్ట్ ఆథ్". పేరు కలవడంతో పాటు ఎస్.పి.ఎఫ్. గాని డి.కె.ఐ.ఎం. గాని ధ్రువీకరించినప్పుడే ఇది తలుపు తెరుస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉన్నది. పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాలను కొత్త చిరునామాకు మళ్లించుకున్నప్పుడు, మధ్యలోని సర్వర్‌కు ఆ అధికారం లేనందున ఎస్.పి.ఎఫ్. విఫలం కావచ్చును. ఉత్తరం మారకుండా వస్తే డి.కె.ఐ.ఎం. ముద్ర సాధారణంగా నిలుస్తుంది. పదవీ విరమణ చేసి ఉత్తరాలను మళ్లించుకున్న మన పెద్దలు, జాబితాలో చేర్చినా ఫలానా ఉత్తరం రావడం లేదంటే దీనిని ఒక కారణంగా పరిశీలించాలి.

ఎంతటి గుర్తింపు పద్ధతి ఉన్నా, పంపేవారి పెట్టెనే దొంగలు స్వాధీనం చేసుకుంటే ఉత్తరం అన్ని పరీక్షలలోనూ నెగ్గుతుంది. అందుచేత డబ్బు చెల్లింపు, ఖాతా మార్పు వంటి విషయాలలో మీ వద్ద ముందు నుండి ఉన్న ఫోన్ నంబరుకు మాట్లాడి నిర్ధారించుకోవాలి. ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాదు. సొమ్ము పోయిందని తెలిసిన క్షణమే 1930 అనే జాతీయ సహాయ నంబరుకు ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము చేతులు మారిపోతుంది.

మన భాషలో వచ్చే ఉత్తరం

తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసిన విషయం ఒకటున్నది. మెయిల్ నియమావళి మొదట ఇంగ్లీషు అక్షరాల కోసమే ఏర్పడింది. 1992లో వచ్చిన మైమ్ నియమాల వల్ల ఇతర లిపులు కూడా ప్రయాణించగలుగుతున్నాయి. తెలుగు అక్షరాలకు యూనికోడ్ తొలి సంచికలో, 1991లోనే స్థానం లభించింది. అయినా వడపోతకు నేర్పిన ఉత్తరాల గుట్ట అంతా ఇంగ్లీషుదైతే, తెలుగు ఉత్తరాన్ని తూచడానికి దాని వద్ద తగిన తూనికరాళ్లు ఉండవు. కొన్ని వడపోతలలో ఫలానా భాషల ఉత్తరాలు మాత్రమే అంగీకారమని నిర్దేశించే ఐచ్ఛిక ఏర్పాటు కూడా ఉన్నది. నిర్వాహకుడు దానిని సర్వర్ మొత్తానికీ బిగించి, ఇంగ్లీషు ఒక్కటే చాలునని వ్రాసిపెడితే, వరంగల్లు నుండి చీరల దుకాణదారు తెలుగులో వ్రాసిన ఆర్డరుకు అకారణంగా మార్కులు పడతాయి.

నాలుగైదు భాషల లింబాయత్ వీధి ఈ సమస్యకు సమాధానం చెబుతుంది. గుజరాతీ ధరల పట్టిక చదివే యజమానికి ఒక భాషల జాబితా, తెలుగులో అమ్మమ్మతో ఉత్తరాలు నడిపే అమ్మాయికి మరొక భాషల జాబితా ఉండాలి. భాష ఎంపికను కూడా వాడుకరికే వదలాలి. చెత్త పెట్టెలో పడిన తెలుగు ఉత్తరాన్ని "ఇది చెత్త కాదు" అన్న మీట నొక్కి బయటకు తీస్తే, వాడుకరి వారీగా నేర్చుకునే వడపోత మన మాటలను క్రమంగా నేర్చుకుంటుంది. ఒక్కొక్క ఉత్తరంతో అది తెలుగు ఓనమాలు దిద్దుకుంటుందన్న మాట.

ఇంటిల్లిపాదీ పాటించదగిన నియమాలు

1. జాబితా చిన్నదిగా ఉండాలి. ఎవరి ఉత్తరం ఆగితే నిజంగా నష్టమో వారినే చేర్చాలి. శుభలేఖల జాబితా వలె ఊరందరినీ వ్రాసుకుంటే వడపోత ఉన్నా లేనట్లే.

2. లక్షలాది మంది వాడే ఉచిత మెయిల్ సేవల డొమైన్‌ను మొత్తంగా చేర్చరాదు. వ్యక్తి పూర్తి చిరునామానే వ్రాయాలి.

3. మీ సొంత చిరునామాను, మీ సంస్థ డొమైన్‌ను పేరుతో మాత్రమే చేర్చరాదు. మోసగాళ్లు ముందుగా కల్పించేది ఆ పేరునే.

4. ఆమోద జాబితా వైరస్ పరీక్షకు మినహాయింపు కారాదు. నిర్వాహకులు ఈ రెండు తనిఖీలనూ వేరుగా ఉంచాలి. ఆత్మీయుల కంప్యూటర్‌కూ జబ్బు చేయవచ్చును.

5. వారానికొకసారి చెత్త పెట్టెను తెరిచి చూడాలి. జీమెయిల్ వంటి సేవలలో ఆ పెట్టెలోని ఉత్తరాలు 30 రోజుల తరువాత వాటంతట అవే చెరిగిపోతాయి.

6. సర్వర్ మన చేతిలో లేనివారు కూడా ఈ సౌకర్యాన్ని పొందవచ్చును. జీమెయిల్‌లో ఫిల్టర్ ఏర్పరచి, ఫలానా చిరునామా ఉత్తరాలను ఎన్నడూ స్పామ్‌కు పంపవద్దని నిర్దేశించవచ్చును.

7. సంవత్సరానికొకసారి, దీపావళికి ఇల్లు దులిపినట్లు, జాబితాను దులపాలి. వ్యాపారం మానినవారి, చిరునామా మారినవారి పేర్లు తీసివేయాలి. ఉద్యోగి బదిలీ అయినప్పుడు అతని జాబితాను కొత్తవారికి యథాతథంగా అంటగట్టరాదు.

నిర్వాహకులకు మరొక మాట. ఒకరి ఆమోద జాబితా చదివితే వారు ఏ వైద్యునితో, ఏ న్యాయవాదితో, ఏ బ్యాంకుతో ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతున్నారో తెలిసిపోతుంది. కనుక ఆ పట్టికను ఉత్తరాలంత గోప్యంగానే భద్రపరచాలి. ఒకరి జాబితా మరొకరికి కనబడరాదు. సమస్యను సరిచేయడానికి చూడవలసి వస్తే ఆ వాడుకరికి తెలియజేసి చూడడం మర్యాద.

వడపోత యంత్రం, దానికి సగటు తెలుసు. మన ఇంటికి ఎవరు కావలసినవారో చెప్పవలసిన బాధ్యత మనది. సర్వర్ నిర్వహించేవారు ఆ మాట చెప్పే వీలు ప్రతి వాడుకరికీ కల్పించాలి. వాడుకరులు ఆ వీలును ఆలోచించి వినియోగించుకోవాలి. ఈ నెలలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని, ఎవరి చెత్త పెట్టెను వారు ఒకసారి తెరిచి చూడవలసిందిగా మా మనవి. అందులో పిల్లల చదువుకు సంబంధించినదో, పెద్దల ఆరోగ్యానికి సంబంధించినదో ఒక్క ఉత్తరం దొరికినా ఆ అరగంట శ్రమ ఫలించినట్లే.

వచ్చే సంచికలో సంకేత పదాల ఎంపికను, వాటి భద్రతను గూర్చి ముచ్చటించుకుందాము. ఈ శీర్షికపై మీ సందేహాలను, సూచనలను సంపాదక వర్గానికి వ్రాయగలరు.